దెబ్బ పడని మధ్యాహ్నం

మా గల్లీకి బీచ్ కాలనీ అని పేరు పెట్టింది మేము కాదు. గోదావరిఖని బజారు వైపు ఉండేవాళ్ళు వెక్కిరింతకు పెట్టారు. కింద బ్యారేజీ కట్టిన కొత్తలో నీళ్ళు వెనక్కి తన్ని మా ఒడ్డుకు ఆనుకుని నిలిచాయట. ఆదివారాలు జనం పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి ఫొటోలు దిగేవారట. మొక్కజొన్న కంకులు కాల్చే బండి కూడా ఒకటి వచ్చేదట. తర్వాత నీళ్ళు తగ్గాయి, బండి పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. ఆటోవాళ్ళకు ఆ పేరు చెప్తేనే తెలుస్తుంది. అసలు పేరు చెప్తే అదెక్కడ అని ఎదురు అడుగుతారు.

ఒకవైపు గోదావరి, దాని మట్టికట్ట. ఇంకోవైపు ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్ట. ఆ రెంటి నడుమ ఒక గల్లీ, దానికి అటూ ఇటూ ఇళ్ళు. నేను అక్కడికి వచ్చింది మృగశిర దాటాక, ఇంటర్‌లో చేరడానికి. మా ఊరు నది అవతల, జైపూర్ మండలంలో. నా చిన్నప్పుడు అమ్మానాన్న ఒంటిగది క్వార్టర్‌లో ఉండేవారు, అందుకని నన్ను మా అవ్వ మల్లక్క పెంచింది. ఊరి బడిలో పదో తరగతి అయిపోయింది. బీచ్ కాలనీలో సొంతిల్లు కట్టుకున్న నాన్న, ఇక అందరం ఒక్క చోట ఉండాల్సిందేనని నన్నూ, అవ్వనూ, అవ్వ రెండు మేకలనూ తీసుకొచ్చాడు.

"ఈ వానకాలం గడవనియ్యి," అని వచ్చిన వారంలోనే అవ్వ నాకు మాటిచ్చింది. "పెత్రమాసకు ముందే మనిద్దరం మన ఇంటికి పోదాం. నువ్వు బస్సెక్కి మంచిర్యాల కాలేజీకి పోవచ్చు. నీ నోట్ల మాట లేదు, గీ పట్నపోళ్ళ నడుమ ఎట్ల బతుకుతవ్?"

బతుకమ్మకు ముందు, పోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే అమావాస్య పెత్రమాస. అప్పటిదాకా ఓర్చుకుంటే చాలు అనుకున్నాను. ఆ మాట పట్టుకునే ఆ ఇంట్లో మసిలాను.

అమ్మ పేరు రమ. ఆమెతో ఏం మాట్లాడాలో నాకు తెలిసేది కాదు. ఏదైనా కావాలంటే పిలవకుండా దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. ఆమే తల తిప్పి "ఏంది బిడ్డా?" అనేది. నా కోసం కిటికీ దగ్గర బల్ల వేయించింది. గోడకు లేతపచ్చ రంగు కొట్టించింది.

"మంచిగున్నదా?" అని అడిగింది.

తల ఊపాను.

"నోటితోని చెప్తే ఏమన్న అరిగిపోతవా?" అని నవ్వబోయింది. నేను నవ్వకపోయేసరికి బల్ల మీద లేని దుమ్మును కొంగుతో తుడిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అవ్వకూ అమ్మకూ మాటలు మేకల మీదుగా నడిచేవి. ఒకటి ఎర్రది, ఒకటి బొల్లిది. ఊరి నుంచి అవ్వ తెచ్చుకున్న ఆస్తి అదే. "లేవుండ్లి, లేవుండ్లి. దొరసాని వరండ కడుగుతదట," అని అవ్వ మేకలతో అనేది. "నేను టైల్సు ఏపిచ్చింది వీటి పెంటికలకే కావచ్చు," అని అమ్మ చీపురుతో అనేది. నాన్న సదానందం భూగర్భ గనిలో పనిచేసేవాడు. షిఫ్టు దిగి వచ్చి గడపలోనే ఇద్దరి ముఖాలూ చూసేవాడు. చూసి, చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగి పక్కింటి నర్సింగం ఆటోలో పోయి కూర్చునేవాడు.

"అవ్వకు ఒక కన్ను మసకలు, ఇంకో కంటికి దూరంది ఆనది. నదికి ఒక్కదాన్ని పోనియ్యకు," అని నాకు మాత్రం చెప్పాడు. "అవ్వ నీ జిమ్మ."

సరేనన్నాను. అవ్వను కనిపెట్టుకుని ఉండటం ఒక్కటే నాకు ఇష్టమైన పని.

*

గల్లీ పద్ధతి నాకు మొదటి రోజు మధ్యాహ్నమే తెలిసింది. గుట్ట అవతల సైరన్ మోగింది. అమ్మ చేతిలో పని వదిలేసి "సంధ్యా, టీవీ దించు!" అంటూ పరుగెత్తింది. అర నిమిషంలో గిన్నెలు, డబ్బాలు, దేవుడి పటాలు, గోడ గడియారం అన్నీ నేల మీదికి వచ్చాయి. స్టవ్ ఆరిపోయింది. అవ్వ రెక్క పట్టుకుని బయటికి వస్తే గల్లీ అంతా అప్పటికే బయట ఉంది.

"కొత్తపిల్ల బెదిరిపోయిందండీ," అంది ఎదురింటి అరుణకుమారి ఆంటీ. వాళ్ళది అమలాపురం దగ్గర. ఆమె భర్త వీర్రాజు గారు ఇక్కడి బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు, వెనక్కి పోలేదు.

"భయమెందుకమ్మా," అన్నారాయన. "వీళ్ళ కంపెనీ రోజుకోసారి భూమిని లేపి కూర్చోబెడుతుంది. అంతే."

"వీళ్ళ కంపెనీ అంటవేంది రాజన్నా," అన్నాడు నర్సింగం. "పింఛను నువ్వు తింటవ్, దుమ్ము నేను తింటున్న."

అంతలో గనిలో మందు పేలి దెబ్బ పడింది. చెవులకంటే ముందు అరికాళ్ళకు తెలిసింది. కిటికీలు గలగలమన్నాయి. గుట్ట మీద నుంచి దుమ్ము లేచింది. ఆ తర్వాత రెండో సైరన్. అది విన్నాక అందరూ లోపలికి వెళ్ళి సామానంతా మళ్ళీ పైకెక్కించారు. ఎప్పుడో ఒకసారి అటక మీది ఇత్తడి బిందె జారి ఆంటీ భుజం మీద పడిందట. అప్పటి నుంచి అదే కట్టుబాటు. సైరన్ మోగితే పైనున్న సామాను కిందికి, లోపలున్న మనుషులు బయటికి.

గల్లీలో ఎవరెవరికి మాటలున్నా లేకున్నా ఆ కాసేపు అందరూ ఒక్క చోటే నిలబడాలి. మాటలు లేనివాళ్ళలో మా ఇంటికీ ఆంటీ ఇంటికీ వంతు వచ్చింది. బొల్లిది ఆమె గోంగూర మడిలో పడి మొదళ్ళు కూడా మిగల్చలేదు.

"మేకల్ని పెంచుతారో, మనుషుల్ని పెంచుతారో తేల్చుకోండమ్మా," అని ఆంటీ అమ్మను గల్లీలోనే నిలదీసింది. "పుంటికూరకు గింత లొల్లా?" అని అవ్వ లోపలి నుంచి అంది. అమ్మ ఇద్దరి నడుమ ఎర్రబడ్డ ముఖంతో నిలబడింది. ఆ రోజు నుంచి ఆంటీ దెబ్బ పడేదాకా మా వైపు తిరగకుండా గుట్టనే చూసేది.

నేను రావడానికి ముందు ఎండాకాలంలోనే నది ఒడ్డున పంపుల గది పక్కన ఇనుప స్తంభం పాతి, దానికీ ఒక సైరన్ బిగించి పోయారట. పైన ప్రాజెక్టు గేట్లు ఎక్కువ ఎత్తితే అది మోగుతుందన్నారట. ఒక్కసారీ మోగలేదు కనుక అదొకటి ఉందన్న సంగతి అందరూ మరిచిపోయారు. కాకులు దాని మీద గూడు పెట్టుకున్నాయి.

*

శ్రావణంలో ముసురు పట్టింది. పట్టిన ముసురు వదల్లేదు. ఓపెన్‌కాస్టు గుంతలో నీళ్ళు నిండి యంత్రాలు ఆగిపోయాయి. గుట్ట అవతలి సైరన్ మూగబోయింది. కప్పు కారని ఇల్లు లేదు. ప్రతి ఇంటి మీద నీలం టార్పాలిన్, దాన్ని కిటికీ చువ్వలకూ గేటుకూ లాగి కట్టిన నైలాన్ తాళ్ళు. గల్లీలో నడిస్తే తాళ్ళ కింద వంగి పోవాలి. కాలేజీకి సెలవులిచ్చారు. మేకలు రోజంతా వరండాలోనే ఒర్రేవి.

ఒక పొద్దున బొల్లిది అమ్మ ఆరేసిన నా కాలేజీ చున్నీని నమిలేసింది. నాన్న అప్పటికే మొదటి షిఫ్టుకు వెళ్ళిపోయాడు. అమ్మ ఆ చున్నీని అవ్వ ముందు పడేసింది.

"ఇగ నాతోని కాదు అత్తా. వీటిని అమ్ముతవా, ఈ ఇల్లే వీటికి రాసిస్తవా? తేల్చు."

చీపురుతో కాకుండా అవ్వతోనే నేరుగా అనడం అదే మొదటిసారి. అవ్వ కాసేపు మేకల వైపే చూసింది.

"మేకలు పోయిన్నాడు నేను గూడ పోత. నా ఎంబడి నా మనుమరాలు."

అమ్మ నా వైపు తిరిగింది. ఏదో ఒకటి అంటానని చూసింది. నేను చున్నీ అంచు వైపు చూస్తూ ఉండిపోయాను. ఆమె చున్నీ తీసుకుని పంపు కిందికి వెళ్ళింది. చాలాసేపు ఉతికింది.

మధ్యాహ్నం వాన కొద్దిగా తెరిపిచ్చింది. అవ్వ కర్ర తీసుకుని లేచింది. "ఆకలికి పేగులు తెంపుకుంటున్నయ్. కట్ట దింపి కాసేపు మేపుకస్త."

నేను లేచేలోగానే అమ్మ వచ్చి కర్ర లాక్కుంది. "బురదల జారి పడ్డవంటే నీ కొడుకు నన్నే అడుగుతడు. నేను పోత."

"నీకు మేకలు కాయనస్తదా?"

"నీ ఇంట్ల కోడలై ఇన్నేండ్లు ఏం కాసిన మరి?"

యూరియా సంచిని కొప్పెరలా నెత్తి మీద వేసుకుని, రెండు మేకల తాళ్ళూ పట్టుకుని అమ్మ గల్లీ చివరికి నడిచింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, అవ్వలాగే ట్రుర్ర్ ట్రుర్ర్ అంటూ. ఆమె కట్ట ఎక్కి అవతలికి దిగేదాకా అవ్వ చూసింది. "నడక సక్కగ లేదు," అంది. ఎవరి నడకో చెప్పలేదు.

ఇల్లు నిమ్మళంగా ఉంది. అవ్వ గోడకు ఆనుకుని ఊరి ముచ్చట్లు మొదలుపెట్టింది. దొడ్డివైపు గోడ ఈ వానకు ఉన్నదో పడ్డదో అంది. పోగానే పొయ్యి అలుకుదామంది. నేను ఆమె కాళ్ళకు నూనె రాస్తూ వింటున్నాను. చాలా రోజుల తర్వాత నాకు హాయిగా అనిపించింది.

అప్పుడు సైరన్ మోగింది.

*

అలవాటుగా లేచాను. టీవీ దించాను. బియ్యం సంచిని బల్ల మీది నుంచి నేల మీదికి లాగాను. గడియారం, పటాలు, నా పుస్తకాలు, అన్నీ దించి, అవ్వను పట్టుకుని బయటికి వచ్చాను. సన్నగా తుంపర పడుతోంది. గల్లీ అంతా గొడుగులతో నిలబడింది.

"వానలో కూడా వదలరేంటండీ," అన్నారు వీర్రాజు గారు. ఆయన లుంగీ మీద స్వెటర్ వేసుకుని ఉన్నారు.

"బొగ్గు తడిసిందని ఆరబెడుతున్నరు కావచ్చు," అన్నాడు నర్సింగం. కొందరు నవ్వారు.

దెబ్బ కోసం చూస్తున్నాం. అందరి కాళ్ళూ కొంచెం వెడంగా, చేతులు గేట్ల మీద, ఎప్పటిలాగే. సైరన్ ఆగింది. దెబ్బ పడలేదు. మళ్ళీ మోగింది.

"దెబ్బ పడకముందే రెండోదా?" అంది అరుణ ఆంటీ.

"మందు తడిసి అంటుకుంటలేదేమో."

"ఊరుకోండి. పడుతుంది, లోపలికెళ్ళకండి."

అందరూ గుట్ట వైపు చూస్తున్నారు. నలుగురిలో ఉంటే నాకు తల ఎత్తడం రాదు. నేను మోరీ కాలువ వైపు చూస్తున్నాను. మా గల్లీ మోరీ నీళ్ళు గుట్ట వైపు నుంచి వచ్చి కట్ట కింది తూములోంచి నదిలోకి పోతాయి. తేలుతున్న ఒక కొబ్బరి చిప్ప నా ముందు నుంచి తూము వైపు పోయింది. ఆగింది. అక్కడే ఒకసారి గుండ్రంగా తిరిగి, మెల్లగా మళ్ళీ నా వైపే వచ్చింది. నన్ను దాటి గుట్ట వైపు పోయింది. దాని వెనక నురగ, చెత్త, చాయ్ రంగు నీళ్ళు.

అది చూస్తూ కూడా నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత పంపుల గది పక్కన స్తంభం గుర్తొచ్చింది. నాన్న అవ్వను నాకు అప్పజెప్పాడు. అవ్వ నా చేతిలోనే ఉంది. అమ్మను ఎవరికీ ఎవరూ అప్పజెప్పలేదు.

నాకు దగ్గరలో ఉన్నది అరుణ ఆంటీ. అటు తిరిగి ఉంది. ఆమె గొడుగు పట్టుకున్న చేతిని పట్టుకుని లాగాను.

"ఆంటీ. మోరీ నీళ్ళు ఎనక్కి వస్తున్నయ్."

ఆమె కిందికి చూసింది.

"అది గుట్ట సైరన్ కాదు. నది కాడిది. మా అమ్మ కట్ట కిందికి పోయింది, మేకలను తోల్కొని."

నేను అన్నది ఆమెకొక్కదానికే వినిపించి ఉంటుంది. కానీ ఆమె గొంతు గల్లీ చివరిదాకా పోయింది. "ఏవండీ! వరదండీ! రమ కింద ఉందంటండీ!"

గల్లీ ఒక్కసారి ఇళ్ళలోకి ఉరికింది. సామానంతా నేల మీదే ఉంది. మేమే దించి పెట్టాం. గడపలు దాటి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. టీవీలు, బియ్యం, పిల్లల పుస్తకాలు ఎత్తుతున్న చప్పుడు ప్రతి ఇంట్లోంచీ వినిపిస్తోంది. వీర్రాజు గారు తమ టీవీని కడుపుకు హత్తుకుని నిలబడ్డారు.

"అది వదిలెయ్యండి," అంది ఆంటీ. "తాడు విప్పండి. ముందు తాడు!"

ఆయన టీవీని మళ్ళీ నీళ్ళలోనే పెట్టారు. గేటుకు కట్టిన నైలాన్ తాడు ముడి ఊడక పళ్ళతో లాగారు. వాళ్ళ టార్పాలిన్ గాలికి లేచి మా గోడ మీద పడింది. నర్సింగం అది చూసి తన ఇంటి తాడు కోసేశాడు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఇంకో రెండిళ్ళ వాళ్ళు కోశారు. తాళ్ళు ఒకదానికొకటి ముడివేసుకుంటూ కట్ట మీదికి పరుగెత్తారు.

నేను అవ్వను పట్టుకుని వెనక నడిచాను. ఆమెను వదిలి పరుగెత్తడం రాలేదు, వదలకుండా పరుగెత్తడం కుదరలేదు.

*

కట్ట కింద పచ్చికబయలు కనపడలేదు. దాని అవతల ఎండిపోయి ఉండే పాయ నిండి పారుతోంది. పాయ దాటాక మా గల్లీ కంటే ఎత్తున ఇసుక దిబ్బ. అక్కడే మంచి గడ్డి ఉంటుంది, మేకలు అమ్మను అక్కడికే లాక్కెళ్ళాయి. దిబ్బ ఇప్పుడు ఒక మంచం అంత మిగిలింది. దాని మీద అమ్మ, ఆమె రెండు పక్కల రెండు మేకలు. ఒడ్డుకూ ఆమెకూ నడుమ ఒక లారీ పొడవు నీళ్ళు. అంతే. కానీ ఆ నీళ్ళలో ఒక తుమ్మచెట్టు వేర్లతో సహా పోతోంది.

"ఏడున్నది?" అంది అవ్వ. "నాకు నీళ్ళే కనవడుతున్నయ్. ఏడున్నది?"

"దిబ్బ మీద."

"నీళ్ళు ఎంతదాక ఉన్నయ్?"

"పాదాలదాక."

వీర్రాజు గారు తాడు చివర ఖాళీ నీళ్ళ డబ్బా కట్టి ఎగువకు విసిరారు. అది అమ్మ అందుకునేలోగా కొట్టుకుపోయింది. లాగి మళ్ళీ విసిరారు. ఈసారి ఆమె ముందు నుంచే పోయింది. ఆమె చెయ్యి చాచలేదు. మేకల తాళ్ళు రెండు మణికట్లకూ చుట్టుకుని ఉన్నాయి. మేకలు తలోవైపు గుంజుతున్నాయి.

"మేకల్ని వదిలెయ్ రమా!" అని ఆంటీ అరిచింది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. నీళ్ళ మోతలో ఆమె గొంతు తెగి తెగి వినిపించింది. "మేకలు లేకుండ... ఇంటికెట్ల రావాలె..."

"ఏమంటున్నది?" అంది అవ్వ.

చెప్పాను.

"నీళ్ళెంత?"

"మోకాళ్ళదాక."

అవ్వ నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. ఆమె గోళ్ళు దిగుతున్నాయి. డబ్బా మూడోసారి పోయింది. నర్సింగం తాడు నడుముకు కట్టుకుని దిగబోతే ఇద్దరు పట్టి ఆపారు. అతనికి ఈత రాదు.

"ఇప్పుడు?"

"నడుం దాటినయ్ అవ్వా."

అవ్వ నన్ను వదిలి రెండడుగులు కిందికి దిగింది. జారబోతే ఆంటీ ఆమె చీర కొంగు పట్టుకుంది. మసక కన్నుతో అవ్వ ఎటో చూస్తూ, అమ్మ ఉన్న వైపు కాకుండా కొంచెం పక్కకు తిరిగి, ఊరిలో పొలం గట్టు మీద నుంచి పిలిచినట్టు పిలిచింది.

"రమా! ఇడిసిపెట్టు బిడ్డా! మేకలు అంగట్ల దొరుకుతయ్! ఇడిసిపెట్టి రా!"

అమ్మ ఈ వైపు చూసింది. తర్వాత తల వంచి తాళ్ళు విప్పసాగింది. తడిసి బిగుసుకున్నాయి కాబోలు, చాలాసేపు పట్టింది. ఎర్రది ముందు పోయింది. బొల్లిది కాసేపు ఆమె చుట్టే ఈది, తర్వాత అదీ పోయింది. డబ్బా మళ్ళీ వచ్చింది. అమ్మ రెండు చేతులతో పట్టుకుంది, తాడును నడుముకు చుట్టి ముడి వేసింది.

"లాగండి!" అని వీర్రాజు గారు అరిచారు.

ఆమె నీళ్ళలోకి దిగింది. మెడదాకా కనపడింది. నెత్తి కనపడింది. తర్వాత కనపడలేదు. తాడు మాత్రం కిందికి వంగి బిగుసుకుని ఉంది. లాగేవాళ్ళు ఒక అడుగు ముందుకు ఈడ్చుకుపోయారు.

"ఏమైంది?" అవ్వ వెనక్కి తడుముకుంటూ వచ్చి నన్ను కుదిపింది. "వస్తున్నదా? చెప్పవేందే, వస్తున్నదా?"

"వస్తున్నది," అన్నాను.

నీళ్ళే ఉన్నాయి అక్కడ. నేను చూసి చెప్పలేదు.

"వస్తున్నది అవ్వా. వస్తున్నది."

తాడు కదిలింది. మొదట డబ్బా తేలింది, తర్వాత నల్లటి జుట్టు. నర్సింగం నడుంలోతుకు దిగి రెక్క పట్టుకుని లాగాడు. బురదలో పడేసి బోర్లా తిప్పారు. అమ్మ నీళ్ళు కక్కింది, దగ్గింది. మోచేతుల మీద లేచి చుట్టూ ఉన్న కాళ్ళన్నీ చూసి, వాటిలో నా కాళ్ళ దగ్గర ఆగి, తల ఎత్తింది.

"గింత బురదల ముసలిదాన్ని ఎందుకు తోల్కచ్చినవే?" అంది.

*

ఆ సాయంత్రం మమ్మల్నందరినీ మెయిన్ రోడ్డు మీది బడిలో ఉంచారు. అమ్మ ఎవరిదో పూల నైటీ వేసుకుని, దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుంది. రెండు మణికట్లకూ తాళ్ళు కోసిన ఎర్రటి చారలు. నాన్న షిఫ్టు దిగి గల్లీకి పోయి, గల్లీ కనపడక, అడుగుతూ అడుగుతూ బడికి వచ్చాడు. భూమి లోపల ఉన్నంతసేపు అతనికి పైన ఏం జరుగుతోందో తెలియదు. గుమ్మంలో నిలబడి మమ్మల్ని ముగ్గురినీ చూశాడు.

"మీ ఆవిడ గోదారి ఈదొచ్చిందండీ," అన్నారు వీర్రాజు గారు. "మా కోనసీమ వాళ్ళం కూడా ఇలా ఎప్పుడూ ఈదలేదు."

నాన్నకు నవ్వాలో వద్దో తెలియలేదు. "మేకలేవి?" అన్నాడు.

"అడిగినవ్ తియ్యి పెద్ద ముచ్చట," అంది అవ్వ. అమ్మ చేతిలోని పులిహోర పొట్లం విప్పి ఇచ్చి, "తిను. చల్లారుతది," అంది.

నీళ్ళు తగ్గాక ఇళ్ళకు పోయాం. ప్రతి గదిలో మడమలు మునిగేంత ఒండ్రు. పైన ఉంచి ఉంటే తడవని సామానంతా మేమే దించి వరదకు అప్పజెప్పాం. టార్పాలిన్లు విప్పిన ఇళ్ళలో పైనుంచి కూడా తడిసింది. వీర్రాజు గారి టీవీ బోర్లించిన పీటలా బురదలో ఉంది. "వార్తలు ఎలాగూ బాగుండవు లెండి," అని దాన్ని గేటు బయట పెట్టారు. ఆంటీ మా ఇంటి ఒండ్రు ఎత్తడానికి తన పారతో వచ్చింది. గోంగూర మాట ఎవరూ ఎత్తలేదు.

ఎండ కాసి గనిలో మళ్ళీ పని మొదలయ్యాక, గుట్ట అవతల సైరన్ మోగింది. గల్లీ అంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయాం. దించాలా, ఎక్కించాలా? ఆంటీ గోడ గడియారం చేతిలో పట్టుకుని గడపలో నిలబడింది.

"మంచం మీద పెట్టుండ్లి," అని నర్సింగం అరిచాడు. "ఏదొచ్చినా సగమే పోతది."

దెబ్బ పడింది. అంతా గట్టిగా ఊపిరి వదిలారు. దెబ్బ పడినందుకు బీచ్ కాలనీ సంతోషించడం అంతకుముందు ఎప్పుడైనా ఉందో లేదో నాకు తెలియదు.

అమ్మకు జ్వరం వచ్చి ఛాతీలో నెమ్ము చేరింది. కొన్నాళ్ళు దవాఖానలో ఉంచి పంపారు. ఇంట్లో వంట అవ్వ చేసేది, జావ కాచి తెచ్చి పక్కన కూర్చునేది. మేకలు లేకపోయేసరికి ఇద్దరూ నేరుగా మాట్లాడుకోక తప్పలేదు. మొదట్లో ఒక్కో మాటకు ముందు ఇద్దరూ వరండా వైపు చూసేవారు.

"ఉప్పు జాలదు అత్తా."

"డాక్టరు వద్దన్నడు."

"ఆ డాక్టరు తాగుతడా దీన్ని?"

అవ్వ ఉప్పు తెచ్చి చిటికెడు వేసింది. నేను రోజూ రెండు పూటలా అమ్మ మణికట్లకు మందు రాసేదాన్ని. ఆమె చేతులు ఇచ్చి కళ్ళు మూసుకునేది. నన్ను ఏదన్నా అనమని అడగడం మానేసింది.

పెత్రమాస దగ్గర పడింది.

"మీ మామకు బియ్యమియ్యాలె. ఆ ఇంటి గడపల్నే ఇయ్యాలె," అని అవ్వ అమ్మతో చెప్పింది. "ఇక్కడ నాకు తక్కువేం లేదు. నా ఇల్లు తాళమేసి ఉన్నది, నాకు నిద్ర పట్టదు. పిల్లను గూడ తోల్కపోత. ముందే అనుకున్నం మేమిద్దరం."

అమ్మ నా వైపు తిరగలేదు. "దాని ఇష్టం అత్తా," అంది.

ఆ రోజంతా ఆమె నా బట్టలు ఉతికింది. ఒండ్రు మరకలు పోయేదాకా రుద్దింది. ఎండాక మడతలు పెట్టి, నమిలిన చున్నీ అంచు కుట్టి, అన్నీ ఒక సంచిలో సర్దింది. "మంచిర్యాల కాలేజీల మాట్లాడిండట మీ నాయిన. ఫికర్ చెయ్యకు," అంది. సంచి జిప్పు లాగుతూ, "ఎవలైనా ఏమన్న అడిగితే తల ఊపకు బిడ్డా. నోటితోని చెప్పు. గీ లోకం చూడదు, ఇంటది," అంది.

అప్పుడు కూడా తల ఊపాను.

తెల్లవారి నర్సింగం ఆటో గేటు ముందుకు వచ్చింది. నాన్న షిఫ్టులో ఉన్నాడు. అమ్మ అవ్వ కాళ్ళు మొక్కింది.

"మెల్లగ తిరుగు. బరువులు ఎత్తకు," అంది అవ్వ.

"బతుకమ్మకు రా అత్తా."

"చూద్దాం తియ్యి."

అమ్మ నా తల నిమిరింది. "పొయ్యి మీద ఎసరున్నది," అని గబగబా లోపలికి పోయింది. బయటికి మళ్ళీ రాలేదు.

అవ్వను ఆటో ఎక్కించాను. ఆమె సీటు మీద ఒక పక్కకు జరిగి నాకు జాగ ఇచ్చింది. నా సంచి నా భుజానికే ఉంది. ఆమె సంచిని తీసి ఆ జాగలో పెట్టాను.

అవ్వ సంచిని చూసింది. నన్ను చూసింది. మసక కన్ను కూడా నా మీదే ఉంది.

"బతుకమ్మకు రా అవ్వా," అన్నాను.

ఆమె సంచిని దగ్గరికి లాక్కుని దాని మీద చెయ్యి వేసింది. "ఏం జూస్తున్నవ్ రా నర్సింగం? బస్సు వోతది, నడుపు!"

ఆటో మట్టిగుట్ట పక్క నుంచి తిరిగి వెళ్ళిపోయింది. నేను లోపలికి వెళ్ళాను. అమ్మ పెరట్లో అటువైపు తిరిగి, కడిగిన గిన్నెనే కడుగుతోంది. పొయ్యి మీద ఎసరు కాగుతోంది, పక్కన పళ్ళెంలో బియ్యం ఇద్దరికి సరిపడా కడిగి పెట్టి ఉన్నాయి. సంచిని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాను. డబ్బా మూత తీసి ఇంకో గిలాసెడు కొలిచి, కడిగి, వాటిలో కలిపాను.